సముద్రపు గాలికి నిలిచే ఆడియో రాక్: ఎంచుకోవడం, చేయించుకోవడం ఎలా

షాపులో ఆడియో రాక్, అంటే పాటల పరికరాలు పెట్టుకునే అరల స్టాండు, చూడగానే చాలామంది పై అర మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కి చూస్తారు. ఆ పరీక్షలో దాదాపు ప్రతి రాకూ నెగ్గుతుంది. మీరు పక్కనుంచి తోయండి. పై అర అంచు మీద ఒక్క వేలు ఆనించి, ఎడమ నుంచి కుడికి కాస్త గట్టిగా తోసి వదిలేయండి. ఒక్కసారి కదిలి ఆగిపోతే సరే. రెండు మూడు ఊపులు ఊగితే దాని మీద టర్న్‌టేబుల్ (గ్రామఫోన్ రికార్డులు తిప్పే పరికరం) పెట్టకూడదు, 15 కిలోల ఆంప్లిఫయర్ పెట్టేముందు కూడా ఆలోచించాలి. నాలుగు కాళ్లూ నిలువుగా బలంగా ఉన్నా, మూలల దగ్గర బిగువు లేకపోతే చట్రం మొత్తం పక్కకు వాలుతుంది. రాకులు పాడయ్యేది ఎక్కువగా ఇలాగే.

రెండో పరీక్ష కంటితో చేసేది. పలక కోసిన అంచు ఎక్కడైనా బయటికి కనిపిస్తుందేమో వెతకండి. వైర్లు పోవడానికి వెనక చేసిన రంధ్రం లోపలి గోడ చూస్తే చాలు. అక్కడ రంపపు పొట్టు ముద్దలా కనిపిస్తే అది పార్టికల్ బోర్డు. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. విశాఖలో ఈ తేడా హైదరాబాద్‌లో కంటే చాలా ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఇక్కడి గాలిలో తేమ, ఉప్పు ఏడాది పొడవునా ఉంటాయి. లాసన్స్ బే కాలనీ, పాండురంగాపురం, రుషికొండ లాంటి సముద్రం పక్క ఇళ్లలో కిటికీ గ్రిల్లు ఎంత తొందరగా తుప్పు పడుతుందో అక్కడ ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. రాక్ కూడా అదే గాలి పీలుస్తుంది.

మొదటి పని: మీ సామాను కొలవండి, తూచండి

రాక్ కొనే ముందు కాగితం మీద మీ పరికరాల వెడల్పు, లోతు, ఎత్తు, బరువు రాసుకోండి. ఏవీ (ఆడియో, వీడియో) రిసీవర్లు, ఆంప్లిఫయర్లు, సీడీ ప్లేయర్లు చాలావరకు 430 నుంచి 440 మి.మీ. వెడల్పు ఉంటాయి. టర్న్‌టేబుల్ దాదాపు 450 మి.మీ. వెడల్పు, 350 నుంచి 370 మి.మీ. లోతు. రిసీవర్ బరువు 10 నుంచి 15 కిలోలు, విడిగా ఉండే పవర్ ఆంప్ అయితే 20 దాటొచ్చు.

అందరూ మోసపోయేది లోతు దగ్గర. కంపెనీ ఇచ్చే కొలత పరికరానిది మాత్రమే. వెనక గుచ్చిన స్పీకర్ ప్లగ్గులు, వంగని లావు హెచ్‌డీఎంఐ వైరు మరో 50 నుంచి 70 మి.మీ. అడుగుతాయి. రాక్‌ని గోడకి ఆనించాలనుకుంటే అప్పుడు ఆ వైర్లు మడతపడి, ప్లగ్గు మొదలు దగ్గర విరుగుతాయి. వెనక తెరిచి ఉన్న రాక్ తీసుకుని, గోడకి 100 నుంచి 150 మి.మీ. దూరంగా నిలబెట్టండి. శుభ్రం చేయడానికి చెయ్యి దూరేంత చోటు కూడా అదే.

పక్కలకి చెరో 50 మి.మీ., రిసీవర్ పైన కనీసం 100 మి.మీ. ఖాళీ లెక్కేయండి. వేడి పోవడానికి ఇది చాలా అవసరం. ఆంప్లిఫయర్లలో ఉండే ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లకి ఒక మోటు లెక్క ఉంది: 10 డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సుమారుగా సగానికి పడిపోతుంది. మే నెలలో ఏసీ లేని గది 35 డిగ్రీలు ఉన్నప్పుడు, మూసిన అల్మారాలో ఇరికించిన రిసీవర్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి.

రెండో పని: చోటు తేల్చుకోండి

స్ప్లిట్ ఏసీ లోపలి యూనిట్ కింద రాక్ పెట్టకండి. దాని డ్రెయిన్ పైపు ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోయి నీళ్లు కారతాయి. ఏసీ గాలి నేరుగా పరికరాల మీదికి కొట్టే చోటూ మంచిది కాదు. చల్లబడిన లోహం మీదికి, ఏసీ ఆపి కిటికీ తీయగానే తడిగాలి వచ్చి చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో ఉప్పు కరిగి ప్లగ్గుల మీద, స్విచ్చుల లోపల పని మొదలుపెడుతుంది.

సముద్రం వైపు బాల్కనీ తలుపుకి ఎదురుగా కూడా వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అద్దాలు పగిలి, తలుపు సందుల్లోంచి వానా గాలీ ఇళ్లలోకి ఎలా కొట్టాయో ఊరంతా చూసింది. అంత తుపాను రాకపోయినా, అక్టోబరు, నవంబరు వానల్లో స్లైడింగ్ తలుపు పట్టాల మీంచి నీళ్లు లోపలికి రావడం మామూలే. అందుకే అన్నిటికన్నా కింది అర నేల నుంచి కనీసం 100 మి.మీ. ఎత్తులో ఉండాలి. నేలకి ఆనే అడుగు బల్ల ఉన్న యూనిట్లు ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టేయొచ్చు.

టర్న్‌టేబుల్ ఉంటే గది మూల కూడా వదిలేయండి. బేస్ (లోతైన, బరువైన) శబ్దం తాలూకు ఒత్తిడి మూలల్లోనే ఎక్కువగా పోగవుతుంది. అది రికార్డు మీది ముల్లుని కదిలిస్తుంది, ఆ కదలిక మళ్లీ స్పీకర్లోంచి వస్తుంది. ఇంకొక నియమానికి మినహాయింపు లేదు: స్పీకర్లని, సబ్‌వూఫర్‌ని రాక్ మీద పెట్టొద్దు.

మూడో పని: రెడీమేడ్‌లో ఏం చూడాలి

డాబా గార్డెన్స్, జగదాంబ చుట్టుపక్కల ఫర్నిచర్ షాపుల్లో టీవీ యూనిట్ పేరుతో దొరికేవాటిలో చాలావరకు లామినేట్ అంటించిన పార్టికల్ బోర్డే. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఎండినా పాత కొలతకి రాదు. స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు. బరువు కింద నెలల తరబడి మెల్లగా వంగుతూనే ఉంటుంది.

వంపు విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. అదే మందం, అదే బరువు అయితే ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. 20 అంగుళాల అర బదులు 4 అడుగుల అర తీసుకుంటే దూరం 2.4 రెట్లు, వంపు దాదాపు 14 రెట్లు. మందం దీనికి ఎదురు పనిచేస్తుంది: 12 మి.మీ. పలక బదులు 18 మి.మీ. వేస్తే గట్టిదనం 3 రెట్లు దాటుతుంది. పొడుగాటి టీవీ యూనిట్ నచ్చి తీరాలంటే మధ్యలో నిలువు పలకలు ఉన్నదే తీసుకోండి, అవి నేల దాకా దిగాలి.

మూసిన యూనిట్‌లో వేడి పోవడానికి వెనక పలక పీకేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. ఆ పల్చటి పలకే యూనిట్ పక్కకు ఊగకుండా పట్టుకునేది. అది తీసిన రోజు నుంచి చట్రం ఒరగడం మొదలవుతుంది. తీయక తప్పదంటే పైన, కింద 100 మి.మీ. వెడల్పు ప్లైవుడ్ పట్టీలు అడ్డంగా బిగించి, ఒక్కో మూలకి మూడు చొప్పున స్క్రూలు వేయండి.

గాజు అరల రాకులు చూడ్డానికి బాగుంటాయి. టెంపర్డ్ గాజు 8 మి.మీ.కి తగ్గకూడదు. దాని అంచు మీద పడ్డ చిన్న పెచ్చు చాలు, ఎప్పుడో ఒక రోజు మొత్తం ఒక్కసారిగా పొడిపొడి అవుతుంది. మొనదేలిన స్పైకుల కాళ్లున్న పరికరాన్ని గాజు మీద నేరుగా పెట్టకండి. వేలి కణుపుతో తడితే గాజు మోగుతుంది, అందుకే టర్న్‌టేబుల్‌కి అది పనికిరాదు.

కంప్యూటర్ల నెట్‌వర్క్ రాక్ కూడా కొందరు అడుగుతారు. దాని ముఖం 19 అంగుళాలు, అంటే 482.6 మి.మీ., ఎత్తు 44.45 మి.మీ. చొప్పున యూనిట్లలో లెక్క. ఇంటి ఆంప్లిఫయర్లకి పక్కన స్తంభాలకి బిగించే చెవులు ఉండవు కాబట్టి ట్రేలు కొనాలి. ముందు రెండు స్తంభాలకి మాత్రమే బిగించే ట్రే మీద 15 కిలోలు పెడితే వెనక వైపు వేలాడిపోతుంది. నాలుగు స్తంభాలకీ బిగించే ట్రేలే తీసుకోండి, పక్క రేకులు విప్పేయండి. అవి బేస్‌కి గరగరమంటాయి.

పాత టేకు బల్ల ఇంట్లో ఉంటే అది చాలా మంచి రాక్ అవుతుంది, పుచ్చు పట్టలేదని చూసుకుంటే చాలు. కింద సన్నటి పిండి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే.

నాలుగో పని: చేయించుకుంటే ఏ సరుకు

మా మాట అడిగితే, ఇక్కడి వాతావరణానికి స్టీలు చట్రం, ప్లైవుడ్ అరలు కలిసిన రాక్ అన్నిటికన్నా నమ్మకమైనది. గాజువాక ఆటోనగర్, కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు ఫాబ్రికేషన్ పనివాళ్లు దొరుకుతారు. స్టీలు ప్లాంటు ఉన్న ఊరు కాబట్టి యాంగిళ్లు, ఛానళ్లు తేలిగ్గా కనబడతాయి. కానీ ఈ పనికి కావలసింది చదరపు ట్యూబు. యాంగిల్ మెలితిప్పితే తిరుగుతుంది, మూసిన ట్యూబు తిరగదు.

25×25 మి.మీ. ట్యూబు, గోడ మందం 1.6 మి.మీ. అడగండి. 1 మి.మీ. గోడ ఉన్నది చవక, కానీ వెల్డింగ్‌లో కన్నాలు పడతాయి, తుప్పు తొందరగా తినేస్తుంది. షాపుకి వెర్నియర్ తీసుకెళ్లి కోసిన చివర కొలవండి. మాటల్లో 1.6 అన్నది కొలిస్తే 1.2 తేలడం కొత్త కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు చేయించాలనుకుంటే గ్రేడు ముఖ్యం. 202 గ్రేడు ఉప్పుగాలికి గోధుమరంగు మరకలు తేలుతుంది. 304 చాలా నయం. బీచ్ రోడ్డు మీద ఇల్లయితే మాలిబ్డినం కలిసిన 316 సరైనది, ఖర్చు కూడా అంతే ఎక్కువ. షాపువాళ్లు అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి. 202కీ 304కీ రెండిటికీ అయస్కాంతం అంటుకోదు. మాంగనీసు చుక్క పరీక్ష చేసే చిన్న ద్రావణం సీసా దొరుకుతుంది, 202 మీద రంగు ముదురు ఎరుపుకి తిరుగుతుంది. స్టెయిన్‌లెస్‌కి ఆర్గాన్ వెల్డింగే చేయించండి.

ప్లైవుడ్ 18 మి.మీ., ఐఎస్ 710 గుర్తు ఉన్నది తీసుకోండి. మెరైన్ అని పిలిచేది అదే, దాని జిగురు 72 గంటలు మరుగునీళ్ల పరీక్ష తట్టుకోవాలి. బడ్జెట్ తక్కువైతే సముద్రానికి దూరంగా, మధురవాడ లోపలి వైపో సింహాచలం వైపో ఉండేవాళ్లు ఐఎస్ 303 బీడబ్ల్యూఆర్ (మరుగునీళ్లకి కొంతవరకు ఆగే రకం)తో సరిపెట్టుకోవచ్చు. ఐఎస్ఐ ముద్ర కింద లైసెన్సు నంబరు లేకుండా మెరైన్ అని రాసి ఉంటే ఆ మాటకి విలువ లేదు. అంచులో పొరల మధ్య గాలి సందులు కనిపించే పలక వదిలేయండి. లామినేట్ వేయిస్తే రెండు వైపులా వేయించండి, ఒకవైపే వేస్తే తేమ ఒకవైపు నుంచే పట్టి పలక వంకర తిరుగుతుంది.

ఐదో పని: కోత, అతుకు

కింది కొలతలు ఒక టర్న్‌టేబుల్, ఒక రిసీవర్, రెండు సన్నటి పరికరాలకి సరిపోయే రాక్‌వి. బయటి వెడల్పు 590, లోతు 450, స్తంభాల ఎత్తు 750 మి.మీ. ముక్కలు ఇవి:

స్తంభాలు 750 మి.మీ., 4
ముందు వెనక అడ్డాలు 540 మి.మీ., 8
పక్క అడ్డాలు 400 మి.మీ., 8
వెనక ఏటవాలు పట్టీ, 25×3 మి.మీ. ఫ్లాట్, సుమారు 950 మి.మీ., 2

ట్యూబు మొత్తం 10.5 మీటర్లు అవుతుంది, 6 మీటర్ల పొడవులు రెండు కొంటే చాలు. ఒకదాంట్లో నాలుగు స్తంభాలూ ఐదు 540 ముక్కలూ తీయండి, రెండోదాంట్లో మిగిలిన మూడు 540లూ ఎనిమిది 400లూ. ఈ వరస ముందే చెప్పకపోతే పనివాళ్లు చేతికొచ్చినట్టు కోసి మూడో పైపు అడుగుతారు.

అడ్డాల అడుగు అంచు స్తంభం కింది కొస నుంచి 60, 226, 559, 725 మి.మీ. దగ్గర రావాలి. 18 మి.మీ. పలకలు వేశాక కింది అరలో 123, మధ్యలో 290, పై పలక కింద 123 మి.మీ. ఖాళీ మిగులుతుంది. 170 మి.మీ. ఎత్తు రిసీవర్ మధ్య అరలో పడితే దాని పైన 120 ఊపిరి ఉంటుంది. మీ పరికరాలు వేరైతే మధ్య రెండు అంకెలు మార్చుకోండి, మిగతావి అలాగే ఉంచొచ్చు.

అతికే వరస ఫలితాన్ని మార్చేస్తుంది. ముందు రెండు పక్క చట్రాలు చదునైన నేల మీద పడుకోబెట్టి చిన్న వెల్డింగ్ చుక్కలు వేయాలి. ప్రతి చట్రానికీ మూల నుంచి మూలకి టేపు పెడితే 875 మి.మీ. రావాలి, రెండు కొలతల మధ్య తేడా 2 మి.మీ. మించకూడదు. తర్వాత రెండు చట్రాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. సరిపోయాకే 540 ముక్కలతో కలపాలి. వెనక వైపు మూల నుంచి మూలకి 954 రావాలి. అన్నీ సరిగ్గా ఉన్నాక నిండు వెల్డింగ్, అదీ ఒక మూల అయ్యాక దాని ఎదురు మూల. ఒకే వైపు వరసగా కాలిస్తే చట్రం ఆ వైపుకి లాగేసుకుంటుంది, తర్వాత సుత్తితో కొట్టినా పూర్తిగా సరికాదు.

1.6 మి.మీ. గోడకి 2.5 మి.మీ. రాడ్డు, 60 నుంచి 80 ఆంపియర్లు చాలు. లావు రాడ్డు వాడితే పైపు కరిగి కన్నం పడుతుంది. అతుకు చుట్టూ నిండుగా రావాలని గట్టిగా చెప్పండి. చుక్కల అతుకు బరువు మోస్తుంది, కానీ సందుల్లోంచి ఉప్పు తేమ ట్యూబు లోపలికి వెళ్తుంది, తుప్పు లోపలినుంచి తింటుంది, బయటి రంగు కొత్తగా ఉండగానే. స్తంభాల పై కొసలు కూడా రేకు ముక్కతో మూయించండి. ట్యూబుకి ఎక్కడా రంధ్రాలు వేయించవద్దు.

వెనక రెండు పట్టీలు ఒకదానికొకటి అడ్డంగా, గుణకారం గుర్తులా రావాలి. 3 మి.మీ. పట్టీ లాగితే నిలుస్తుంది, నొక్కితే వంగిపోతుంది కాబట్టి ఒక్కటే వేస్తే రాక్ ఒకవైపు తోపుకే గట్టిగా ఉంటుంది. రిసీవర్ వెనక ప్లగ్గులకి పట్టీ అడ్డు వస్తుందని అనిపిస్తే, పని మొదలుకాక ముందే రిసీవర్ వెనక భాగం కొలిచి చూసుకోండి.

స్తంభాల అడుగున 40×40×5 మి.మీ. ప్లేటు వేసి, దాని కింద ఎం8 నట్టు అతికించాలి. అందులోకి ఎత్తు సరిచేసే బుష్ కాళ్లు బిగుస్తాయి. ప్లేటు అతికేముందు కావాలంటే స్తంభాల్లో ఇసుక నింపొచ్చు, మోత బాగా తగ్గుతుంది. నాలుగింటికీ కలిపి లీటరున్నర పడుతుంది, బరువు రెండు కిలోల పైమాట. బీచ్ ఇసుక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎంత కడిగినా కొంత ఉప్పు మిగులుతుంది, ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. ఏటి ఇసుక జల్లించి, కడిగి, మూకుట్లో పొడిపొడిగా వేయించి, చల్లారాక నింపండి.

రంగు

గ్రైండింగ్ చేసిన స్టీలు మన ఊళ్లో ఒక్క రాత్రిలో నారింజ రంగు తిరుగుతుంది. ఆ తుప్పు మీదే ప్రైమర్ వేస్తే ఆరు నెలల్లో పెచ్చులు లేస్తుంది. అందుకే గ్రైండింగ్, థిన్నర్‌తో తుడవడం, మొదటి ప్రైమర్, మూడూ ఒకే రోజు అవ్వాలి. తుడిచాక వట్టి చేత్తో ముట్టుకోకండి, చెమటలోనూ ఉప్పే. రెడాక్సైడ్ రెండు పూతలు, పైన ఎనామిల్ రెండు పూతలు. పూత పూతకీ మధ్య డబ్బా మీద చెప్పిన సమయం పూర్తిగా ఇవ్వండి. జనవరి నుంచి మార్చి దాకా, మంచు విడిచాక పొద్దున్న పది తర్వాత వేసే రంగు బాగా పడుతుంది. వాన రోజు వేస్తే పైన తెల్లటి పొగలా కమ్ముతుంది.

పౌడర్ కోటింగ్ ఇంకా మన్నిక, కానీ అది అయిపోయాక కన్నం వేసినా, గీరుకున్నా అక్కణ్నుంచి తుప్పు పూత కిందికి పాకుతుంది. బిగింపులన్నీ సరిచూసుకున్నాకే కోటింగ్‌కి పంపండి.

అరలు

కింది మూడు అరలకి పలక 536×450 మి.మీ., పైదానికి 590×450. మూలల్లో గాట్లు పెట్టి స్తంభాల చుట్టూ కూర్చోబెడదామని వడ్రంగి అంటే ఒప్పుకోకండి. చట్రం అతికేశాక 590 పలక 540 సందులోంచి లోపలికి వెళ్లదు. 536 పలక ముందునుంచి తోస్తే దూరి, ముందు వెనక అడ్డాల మీద కూర్చుంటుంది. పైపొర చారలు ముందునుంచి వెనక్కి పోయేలా కోయించండి, పలక మోసే దిక్కు అదే కాబట్టి వంపు తగ్గుతుంది.

కోసిన నాలుగు అంచులకీ ముందు సీలర్ పట్టించి, తర్వాత ఎడ్జ్ బ్యాండ్ అంటించాలి. పక్క అంచులూ వెనక అంచూ కనబడవు కదా అని వదిలేస్తారు, తేమ ఎక్కేది అక్కడినుంచే. పలకకీ స్టీలుకీ మధ్య నాలుగు మూలలా 2 నుంచి 3 మి.మీ. రబ్బరు ముక్కలు వేయండి. మొత్తం రాక్ బరువు 25 కిలోల దగ్గర తేలుతుంది, ఇద్దరు మనుషులు మోయగలరు.

ఇంట్లో వంటగది గట్టు చేయించినప్పటి గ్రానైట్ ముక్క మిగిలి ఉంటే పై అరకి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వాడొచ్చు. 590×450×18 మి.మీ. ముక్క దాదాపు 13 కిలోలు ఉంటుంది, ఆ బరువు టర్న్‌టేబుల్‌కి మేలే. రాయి మోగుతుంది మాత్రం. కార్ల తలుపుల లోపల అంటించే బ్యూటైల్ షీటు యాక్సెసరీస్ షాపులో దొరుకుతుంది, అది రాయి అడుగున సగం మేరకైనా అంటించండి. తడితే టంగుమనేది టక్కుమని ఆగిపోతుంది. రాయిని నేరుగా స్టీలు మీద పెట్టకుండా ప్లైవుడ్ పలక మీద, మధ్యలో రబ్బరు ముక్కలతో కూర్చోబెట్టండి. ఎత్తులు తేడా ఉన్న గట్టి ఆధారాల మీద రాయి చెప్పకుండా పగులుతుంది.

నిలబెట్టడం, పరీక్షించడం

ముందు నేల చూడండి. విట్రిఫైడ్ టైలు మీద రూపాయి నాణెంతో తడితే కొన్నిచోట్ల డొల్ల శబ్దం వస్తుంది, అక్కడ కింద సిమెంటు లేనట్టు. కాళ్లు అక్కడ పడకుండా రాక్‌ని జరపండి, ముఖ్యంగా స్పైకులు వాడితే. స్పైకు కింద లోహపు కప్పు తప్పనిసరి. మన అపార్ట్‌మెంట్లలో నేల కాంక్రీటు స్లాబు కాబట్టి మామూలు గట్టి రబ్బరు బుష్‌లే చాలు, స్పైకుల మీద డబ్బు పెట్టక్కర్లేదు.

మూడు కాళ్లు ముందు నేలకి ఆనించి మట్టం సరిచేసుకోండి, నాలుగోది చివర్న వేళ్లతో తిప్పి ఆనించి వదిలేయండి. పానాతో బిగిస్తే అది పక్కనున్న ఒక కాలుని పైకి లేపుతుంది. తర్వాత లాక్ నట్లు బిగించండి.

ఇప్పుడు బరువు పరీక్ష. 25 కిలోల బియ్యం బస్తా మధ్య అర మీద పెట్టి, ఒక రాత్రి వదిలేయండి. తెల్లారాక పలక అడుగున ముందు అంచు నుంచి వెనక అంచుకి దారం లాగి పట్టుకుని చూడండి. మధ్యలో 1 మి.మీ. కంటే ఎక్కువ వంపు కనిపిస్తే పలక నాసిరకం, మార్పించండి. ఈ కొలతల్లో మంచి ప్లైవుడ్ అర మి.మీ. కూడా వంగదు.

తర్వాత పై అర మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి, పక్కనుంచి మామూలుగా నడవండి. నీటి మీద అలలు లేచి తొందరగా ఆగకపోతే కాళ్లలో ఒకటి తేలుతోంది, లేదా అతుకు ఒకటి తప్పింది. పరికరాలేవీ ఎక్కించకముందే ఈ పరీక్ష చేయాలి.

పరికరాలు ఎక్కించే వరస

టర్న్‌టేబుల్ పైన, దాని కింద సీడీ ప్లేయరో ఫోనో ప్రీఆంపో (రికార్డు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ని పెంచే చిన్న పెట్టె), మధ్య అరలో రిసీవర్, అడుగున సెట్‌టాప్ బాక్సు లాంటివి. రిసీవర్ని టర్న్‌టేబుల్ కింది అరలోనే పెడితే దాని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ముల్లు ఉండే కార్ట్రిడ్జ్‌కి తగిలి సన్నటి హమ్ వస్తుంది. వచ్చిందో లేదో తేల్చడం తేలిక: రికార్డు ఆపి, ముల్లుని మోసే టోన్ ఆర్మ్ చేత్తో పట్టుకుని పళ్లెం మీదుగా మెల్లగా లోపలికి జరపండి. జరుపుతున్న కొద్దీ హమ్ మారితే కారణం ట్రాన్స్‌ఫార్మరే. వోల్టేజ్ స్టెబిలైజర్ అసలు రాక్ మీదే వద్దు, మీటరు దూరంలో నేల మీద విడిగా ఉంచండి.

టర్న్‌టేబుల్ మట్టం దాని చెక్క మీద కాకుండా పళ్లెం మీద చూడాలి. ఆ తర్వాత చివరి పరీక్ష: మోటారు ఆపి ఉంచి, పాత రికార్డు మీద ముల్లు దించి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా మీరు రోజూ వినే స్థాయికి పెంచండి, అంతకు మించి వద్దు. అర అంచు మీద వేలితో తట్టండి. స్పీకర్లో చిన్న టక్ వస్తే బాగున్నట్టు. ధమ్మని మోగి సాగితే, లేదా తట్టకుండానే గుయ్యిమని పెరుగుతుంటే వెంటనే వాల్యూమ్ తగ్గించి, టర్న్‌టేబుల్ కింద ఉన్న రబ్బరు మార్చండి. స్ప్రింగుల మీద వేలాడే రకం టర్న్‌టేబుల్ అయితే మెత్తటి రబ్బరు తీసేసి గట్టి ఆధారం ఇవ్వండి, మెత్తదనం మీద మెత్తదనం కలిస్తే ఊపు పెరుగుతుంది. దానికి గోడకి బిగించిన తేలికపాటి గట్టి అర ఇంకా మంచిది.

కరెంటు వైర్లు ఒక స్తంభం వెంట, సిగ్నల్ వైర్లు ఎదురు స్తంభం వెంట దించండి. రెండూ దాటుకోక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే కట్టకండి. పిల్లలున్న ఇంట్లో పై అడ్డానికి అతికించిన చిన్న ప్లేటు ద్వారా రాక్‌ని గోడకి ఒక ఎల్ క్లాంపుతో కట్టేయండి. వెనక 100 మి.మీ. ఖాళీ ఉంచాం కాబట్టి క్లాంపు ఆ పొడవుది కావాలి. ఈ ప్లేటు రంగుకి ముందే అతికించుకోవాలని మర్చిపోవద్దు.

నెలకోసారి మంచినీళ్లలో పిండిన గుడ్డతో స్టీలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. పొడిగుడ్డ ఒక్కటే వాడితే ఉప్పు పొడి రంగుని గీరుతుంది. మొదటి నెల చివర్న కాళ్ల లాక్ నట్లు ఒకసారి బిగించి, పళ్లెం మట్టం మళ్లీ చూసుకోండి. రబ్బరు బుష్‌లు బరువుకి కాస్త కూర్చుంటాయి. ఆ తర్వాత ఏడాదికోసారి, జూన్‌లో వానలు రాకముందు, కాళ్ల ప్లేట్ల అడుగుభాగం టార్చి వేసి చూసి, తుప్పు చుక్క కనిపించినచోట గీకి రెడాక్సైడ్ అద్దండి.